నాలుగు వేళ్ళు

ముందు చదును నేల కావాలన్నాడు దాలినాయుడు.
రాయగడలో చదును నేలా!
కొండల మధ్య ఇరుక్కున్న ఊరు,
చేతిలోంచి గోళీ జారితే నాగావళి దాకా ఆగదు.
ఆఖరికి రైసుమిల్లు కల్లంలో
ధాన్యం ఎత్తేసిన సిమెంటు గచ్చు మీద
నిలబెట్టాం నా అంబాసిడర్ని.
ముప్ఫయ్యేడేళ్ళ తెల్లబండి,
రేషను వరసలో విసిగిన మనిషిలా
ఎడమ తుంటి మీద బరువేసి నిలబడింది.

నాలుగు చక్రాల్లోనూ గాలి సమానం చేశాడు.
డిక్కీలోంచి నా సంసారం దింపించాడు:
స్టెప్నీ, జాకీ, కొబ్బరితాడు, నీళ్ళ డబ్బా,
ఎవరో దిగిపోతూ మరిచిన ఒంటి చెప్పు.
వెదురుపుల్ల తుంచి, కుడి చక్రం నడిబొడ్డు నుంచి
మడ్గార్డు అంచు దాకా సరిగ్గా కోశాడు.
అదే పుల్ల ఎడమకి తెస్తే
నాలుగు వేళ్ళు మిగిలిపోయింది.

బంపరు మీద రెండు చేతులూ వేసి నొక్కి వదిలాడు.
ఒక్కసారి లేచి ఆగాలి.
ఇది లేచింది, పడింది, మళ్ళీ లేచింది,
ఇంకా ఏదో చెప్పబోయి ఊరుకుంది.
"అది షాకబ్జరు గోల, తర్వాత చూద్దుం."
కిందకి దూరిన టుకునా అక్కణ్ణించే "బసిగలా" అన్నాడు.
"కూకుండిపోనాది" అన్నాడు దాలినాయుడు.
ఏ భాషలో అడిగినా కమాను కూచునే ఉంది.

కారణం నాకు తెలుసనుకున్నాను.
కాశీపూర్ సంత చింతపండు బస్తాలు,
మునిగుడలో రైలందుకోడానికి తొమ్మిదిమంది ఎక్కిన పెళ్ళివారు,
వానరాత్రి బిసంకటక్ ఆసుపత్రి దాకా
ఎడమ సీట్లో మోకాళ్ళు కరుచుకు కూచున్న సొబితా,
అన్నీ ఆ పక్కే ఎక్కాయని,
ఇనుముకి జ్ఞాపకం ఉంటుందని
కాస్త గొప్పగానే చెప్పాను.

దాలినాయుడు గ్రీజు చెయ్యి పాతగుడ్డకి తుడుచుకున్నాడు.
"అదేటీ కాదు బాబూ. రోడ్డు.
వాన్నీరు పోడానికి అంచుకి వాలు పెడతారు.
మనం ఎడం పక్కన పోతాం, బరువూ అటే పోతాది.
ఏ బండన్నా చూడు, అటే వొంగుతాది."
ముప్ఫయ్యేళ్ళ నా పుణ్యం
రోడ్డంచు కాలవలోకి దిగిపోయింది.

యు-బోల్టులు కిరసనాయిలు తాగి కూడా కదల్లేదు.
పానాకి పైపు తొడిగి ఇద్దరూ వేలాడితే
కీచుమని ఒప్పుకున్నాయి.
కట్ట విప్పితే ఆరు పట్టీలు.
మూడోది రెండు ముక్కలు.
విరుగు మీద కూడా తుప్పు, అంటే నిన్నటి దెబ్బ కాదు.
రోడ్డో, చింతపండో,
కాసేపు ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"ఆ పక్కదొకటీ మార్చు" అన్నాను జేబు తడుముకుని.
"ఒంటి కాలికి జోడు కొంటావేటి?"
రెండో రోజు పాసింజరులో విజయనగరం నుంచి
గోనెపట్టా చుట్టుకుని కొత్త జత దిగింది.

పాతవాటికి అప్పటికే మనిషి వచ్చి కూచున్నాడు,
మినియాక దొంబురు, కొండమీది ఊరు.
ఒక్కో పట్టీనీ రాయితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని,
మోగినవే ఏరుకున్నాడు. కొలిమిలో టంగియాలవుతాయట.
విరిగిన ముక్క పక్కన పడేశాడు.
కొంతదూరం పోయి, వెనక్కొచ్చి అదీ తీసుకున్నాడు,
దుంపలు తవ్వుకోడానికి.

ఆ రాత్రి ఖాళీ బండితో ఘాటీ ఎక్కుతుంటే
ఏదో తక్కువైంది.
ఇన్నాళ్ళూ వెనక కుంగి, ముక్కు పైకెత్తి,
దీపాలు కొమ్మల్లోకి కొట్టేవి.
ఇప్పచెట్ల చివుళ్ళు, గబ్బిలాలు,
ఒకసారి గుడ్లగూబ కళ్ళు,
ఎదురు లారీల తిట్లు.
నేను పైకి చూసే మనిషిననుకున్నాను.

ఇప్పుడు వెలుగు నేలమీదే పడుతోంది:
గుంటలు, కంకర, మేకపెంటికలు,
అంచున తెల్లగీత.
వాలు నిజమే, ఎడమకే ఉంది.

జాగ్రత్తగా నడిపాను.
మూడో మలుపులో బండి ఆపి
తల బయటికి పెట్టి
చెట్లు ఎక్కడిదాకా ఉన్నాయో
చీకట్లో వెతుక్కున్నాను.